మంచినీటి గుంజలు

శుక్రవారం మధ్యాహ్నం పాటుకి నీరు బాగా తీసేసి, ఉప్పుటేటి అడుగునున్న బురదా ఆల్చిప్పలూ బయటపడ్డాక, రేవులు కట్టే వెర్డెల్ క్రిబ్ తన బల్లకట్టు లాంటి పంటు అంచున మోకాళ్ళ మీద కూర్చుని డాక్టరు ప్రేలో గారి రేవు గుంజని సుత్తితో కొట్టాడు.

‘బొద్’ అంది గుంజ.

జానెడు కింద ఇంకోసారి కొట్టాడు. మళ్ళీ ‘బొద్’. తడిసిన డోలు మీద కొట్టినట్టు.

“తలుపు కొట్టింది చాలు బావా. లోపలున్న పురుగులు ‘వస్తున్నాం, ఉండండి’ అంటున్నాయి,” అన్నాడు హోయ్ట్. హోయ్ట్ వెర్డెల్ భార్యకి తమ్ముడు. పంటు వెనకాల చుక్కాని దగ్గర కూర్చుని ఉడకబెట్టిన వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్నాడు. పనిలో సగం చేస్తాడు, మాటల్లో రెండింతలు.

చేవ ఉన్న గుంజని కొడితే ‘ఠంగ్’మంటుంది, సుత్తి చేతిలోంచి ఎగిరొస్తుంది. పురుగు తిన్న గుంజ సుత్తిని మింగినట్టు ఊరుకుంటుంది. ఈ ఉప్పునీటి పురుగు తీరే అంత. సూదిమొన పట్టే బెజ్జం చేసుకుని లోపలికి పోతుంది, ఇక బయటికి రాదు. లోపలే తిని, లోపలే పెరిగి, వేలంత లావున సొరంగాలు తవ్వుకుంటుంది. పైకి గుంజ నిన్న పాతినట్టే ఉంటుంది. పైన పటారం, లోన లొటారం. చాలామంది పెద్దమనుషులు కూడా ఇలాగే ఉంటారు. వాళ్ళని ఎవరూ సుత్తితో కొట్టి చూడరు కాబట్టి బయటపడదు.

ఆ రేవుకి మొత్తం ఇరవై నాలుగు గుంజలు. గట్టు దగ్గర్నుంచి గడ్డి మీదుగా సాగే నడకబల్లకి ఇరవై. ఏటి లోతులోకి చొచ్చుకెళ్ళి, పైన రేకు కప్పుతో, చుట్టూ బెంచీలతో ఉన్న చివరి అరుగుకి నాలుగు. ఇరవై ఠంగుమన్నాయి. నాలుగు బొద్దుమన్నాయి. ఆ నాలుగూ ఏవో వెర్డెల్‌కి కొట్టకముందే తెలుసు. పదహారేళ్ళుగా తెలుసు.

పదహారేళ్ళ కిందట పెద్ద తుఫాను ఆ ఏటి మీది రేవులన్నిటినీ ఊడ్చుకుపోయింది. అందరికీ ఒక్కసారే గుంజలు కావాల్సొచ్చాయి. ఉప్పునీట్లో పాతే గుంజకి మందు దట్టంగా ఎక్కించాలి. చెరువుల్లో, మంచినీటి ఏళ్ళల్లో పాతేదానికి అందులో నాలుగో వంతు చాలు. చూడ్డానికి రెండూ పచ్చగానే ఉంటాయి. ఏది ఏదో గుంజ లావు కొసన మేకుతో కొట్టిన చిన్న బిళ్ళ మీద రాసుంటుంది. డాక్టరు గారి పని ఆఖరి నాలుగు గుంజల దగ్గర ఆగింది. ఈస్టరుకి చుట్టాలొస్తారని ఆయన రోజూ గోల. కలప అడితిలో ఉప్పునీటి గుంజ ఒక్కటి లేదు, మంచినీటివి ఉన్నాయి. “పచ్చగా ఉందా లేదా? బిళ్ళ చదవడానికి పురుక్కి చదువొచ్చా ఏంటి?” అన్నాడు అడితి వాడు. వెర్డెల్ ఎనిమిదో తరగతిలో బడి మానేశాడు గానీ బిళ్ళ చదవడం వచ్చు. చదివే వేశాడు. ఎండాకాలం పోయాక మార్చేద్దాం అనుకున్నాడు. ఎండాకాలాలు పదహారు పోయాయి.

గుంజని సన్నమొన కిందకీ, లావు కొస పైకీ ఉండేలా పాతుతారు. అందుకని బిళ్ళ పైకొచ్చి ఆకాశాన్ని చూస్తూ కూర్చుంది. దాని మీద రాగి టోపీ బిగించి, గూడబాతులు వాలకుండా అని చెప్పాడు. ఆ టోపీలు డాక్టరు గారికి ఎంత నచ్చాయంటే మిగతా ఇరవైకి కూడా పెట్టించుకున్నారు.

తర్వాత ఇంకో రెండు తుఫాన్లొచ్చాయి. చుట్టుపక్కల కొన్ని రేవులు పోయాయి, ఇది నిలబడింది. గాలి ఈ వైపు తిరగలేదు, అంతకు మించి ఏం లేదు. కానీ ఏటి పొడుగునా మాట పుట్టేసింది: రేవంటే వెర్డెల్ కట్టాలి. ఈ ఒక్క రేవుని చూసి డెబ్భై మంది అతన్ని పిలిచారు. ఆ డెబ్భైకీ ఒక్కో బిళ్ళా రెండుసార్లు చదివి మరీ గుంజలు పాతాడు. ఒకసారి దొంగతనం చేసినవాడికున్నంత భయభక్తులు పుట్టుదొరకి కూడా ఉండవు.

“రేపు డాక్టరు గారి విందుకి అరవై మందట బావా,” అన్నాడు హోయ్ట్. “రొయ్యలు ఉడకబెట్టడానికి పెద్ద గుండిగలు దించుతుంటే చూశాను. పొద్దు గుంకే వేళకి అందరూ ఆ చివరి అరుగు మీద నిలబడి గ్లాసులెత్తి ఫొటో దిగుతారట. ఆయన ఇల్లు కొంటున్నవాళ్ళు కూడా ఓహాయో నుంచి వచ్చారు. సోమవారమే అప్పగింత.”

పొద్దు గుంకే వేళంటే నిండు పోటు. అందులోనూ పున్నమి పోటు. అరుగు కింద రెండు నిలువుల నీళ్ళు, నీళ్ళ అడుగున కత్తుల్లాంటి ఆల్చిప్పలు. వచ్చేవాళ్ళలో సగం మందికి మోకాలు చిప్పలు మార్చారు, మిగతా సగానికి తుంటి ఎముకలు.

వెర్డెల్ సుత్తి పక్కన పెట్టి నిచ్చెన ఎక్కాడు.

డాక్టరు ప్రేలో గారు నలభై ఏళ్ళు ఊళ్ళో వాళ్ళ పళ్ళు పీకి, ఇప్పుడు డెబ్భై ఎనిమిదో ఏట పచ్చిక మీద కుర్చీల వరసలు సరిచేస్తున్నారు. ఒక చెవికి మిషను.

“డాక్టరు గారూ, రేపు చివరి అరుగు మీదకి జనాన్ని పోనివ్వకండి. నాలుగు గుంజలూ బోలు.”

“పూలా? పూల సంగతి మా ఆవిడ చూసుకుంటోంది.”

“బోలు సార్! గుంజలు! లోపల పురుగు!”

“అరవకోయ్, వినపడుతోంది.” డాక్టరు గారు ఒక కుర్చీని వేలెడు జరిపారు. “పోయిన వారమే పరీక్ష చేయించాను. ఒకాయన వచ్చి ఎగిరే కెమెరా ఎగరేసి పన్నెండు పేజీల కాగితం ఇచ్చి వెళ్ళాడు. రేవు దివ్యంగా ఉందట.”

“పైనుంచి చూస్తే టోపీ కనపడుద్ది సార్, గుంజ కనపడదు.”

“పుచ్చిన పన్ను నొప్పి పెట్టాలి కదా? నా రేవు ఎప్పుడైనా ‘అబ్బా’ అందా?”

“వయసైంది గదండీ దానికి...”

“వయసేంటి? మన పక్కనున్న మిస్ లవీనియా రేవుకి పదిహేనేళ్ళు. ఒక్క ఏడాది తేడా. మొన్న దాన్ని కొట్టి చూసి ‘గుడిగంటలా ఉందమ్మా’ అన్నావట. చర్చి నుంచి వస్తూ చెప్పింది. రెండూ కట్టింది నువ్వే. మరి ఆవిడకి మంచి కట్టె వేసి నాకు నాసిది వేశావా ఏంటి?” అని ఆయన తన జోకుకి తనే నవ్వారు.

సరిగ్గా అక్కడే నిజం చెప్పాలి. వెర్డెల్ నోరు తెరిచాడు. “లేద్సార్,” అంది నోరు. ఆ మాటకి పదహారేళ్ళ అలవాటు. దానంతటదే వచ్చేసింది.

“మరింకేం. రేపు నువ్వు కూడా రా. చొక్కా మార్చుకుని రా,” అన్నారు డాక్టరు గారు.

వెర్డెల్ పంటు మీదకి దిగేసరికి, హోయ్ట్ అతని మొహం చూసి అడగనక్కర్లేకుండానే అన్నాడు: “చెప్పలేదన్నమాట.”

“చెప్తే ఈ ఏటి మీద నాకింక మేకు కొట్టే పని కూడా ఇవ్వరు రా. ఒకటి దొంగదైతే డెబ్భై ఒకటీ దొంగవే అంటారు.”

“అంటారు.”

“నాకున్నది ఆ పేరొక్కటే.”

“అవును. చెప్పకపోతే రేపు రాత్రికి ఆ పేరు టీవీలో కూడా వస్తుంది,” అని హోయ్ట్ గుప్పెడు తొక్కలు నీళ్ళలో పారేశాడు.

శనివారం పొద్దున్నే వెర్డెల్ ఒక్కడే వచ్చాడు. చొక్కా మార్చుకోలేదు, స్క్రూడ్రైవరు తెచ్చుకున్నాడు. డాక్టరు గారిని బతిమాలి చివరి అరుగు దాకా నడిపించుకెళ్ళాడు. మూలగుంజ మీది రాగి టోపీ మేకులు విప్పి ఎత్తాడు. కింద బిళ్ళ ఉంది. ఎండా వానా తగల్లేదేమో, నిన్న కొట్టినట్టుంది. అక్షరం చెదరలేదు.

“చదవండి సార్.”

డాక్టరు గారు కళ్ళజోడు పైకెత్తి వంగారు. నోట్లో దీపం వేసి చూసినంత శ్రద్ధగా చదివారు. మెల్లగా నిటారయ్యారు. మొహం రంగు కొంచెం మారింది.

“ఇది మంచినీటి గుంజ సార్. ఉప్పునీట్లో పనికిరాదు. ఈ నాలుగూ అవే. అప్పుడు దొరక్క...”

డాక్టరు గారు చెయ్యెత్తి ఆపారు. తర్వాత చెవి దగ్గర ఏదో చేశారు. చెవిలోంచి మిషను తీసి, రుమాల్లో చుట్టి, జాగ్రత్తగా చొక్కా జేబులో పెట్టుకున్నారు.

“ఇప్పుడు చెప్పు,” అన్నారు.

వెర్డెల్‌కి ఒక్క క్షణం అర్థం కాలేదు. “నేనే వేశాను సార్! తెలిసే వేశాను!” అని గట్టిగా అరిచాడు. పదహారేళ్ళు కడుపులో దాచుకున్న మాటని చెవిటివాడి ముందు ఊదిన శంఖం చేశాడు.

“ఏమీ వినపడట్లేదు వెర్డెల్. నేను చెప్పేది మాత్రం నువ్వు విను. ఇల్లు అమ్మేవాడు తనకి తెలిసిన లోపాలన్నీ కాగితం మీద రాయాలి. తెలిసినవి. నేను మంగళవారం రాసిచ్చేశాను, రేవుకి ఏ లోపమూ లేదని. మంగళవారం తెలియనిది శనివారం తెలియడం ఏం మర్యాద? సోమవారం దాకా నాకు తెలియకూడదు.”

వెర్డెల్ చేతులు తిప్పుతూ అరుగునీ, పచ్చికనీ, మళ్ళీ అరుగునీ చూపించాడు. జనం, జనం, అని.

“జనాన్ని రావద్దంటే స్ట్రూబెల్ ఎందుకని అడుగుతాడు. ఏం చెప్పను? ఈ రేవుని చూసే కదా ఇల్లు కొంటున్నాడు! పదహారేళ్ళు నిలబడింది, ఇంకో పూట నిలబడదా? టోపీ పెట్టెయ్ నాయనా.”

దాచినవాడు దాచలేక చెప్పుకుంటే, వినాల్సినవాడు వినలేక దాచుకున్నాడు. వెర్డెల్ టోపీ పెట్టి నాలుగు మేకులూ బిగించాడు. చేతికి పని చెప్తే చేసేస్తుంది, అది చేతికున్న జబ్బు. నడకబల్ల మీద వెనక్కి వస్తుంటే కాళ్ళ కింద పలకలు ఒక్కటి కదల్లేదు. అంత బాగా కట్టాడు మరి.

మధ్యాహ్నం రెండు గంటలకి, పాటు అడుగంటిన వేళ, అతిథులు పచ్చిక మీద ఐసు టీలు పట్టుకుని తిరుగుతుండగా, వెర్డెల్ పంటు మళ్ళీ వచ్చి చివరి అరుగు మూలకి ఆగింది.

“ఇంకోసారి ఆలోచించుకో బావా,” అన్నాడు హోయ్ట్. “పంటు మా అక్క పేరు మీద ఉంది.”

“గొలుసు ఇటు పడెయ్.”

వెర్డెల్ బ్యాటరీ రంపంతో మూలగుంజని దూలానికి పట్టుంచిన రెండు బోల్టులూ కోసేశాడు. దాంతో గుంజకీ అరుగుకీ బంధం తెగింది, అరుగు మూల ఊరికే గుంజని ఒరుసుకుని ఆగింది. నీళ్ళకి జానెడు పైన గుంజకి రెండు చుట్లు గొలుసు చుట్టి, ఆ కొసని పంటు ముందున్న ఇనప దూలానికి బిగుతుగా కట్టాడు. పాత గుంజల్ని పీకడానికి తాతల నాటి పద్ధతి అది. ఇక మనిషి చెయ్యాల్సిందేం లేదు. నీరు లేస్తుంది, పంటుని లేపుతుంది, పంటు గుంజని లాగుతుంది. గుంజ చేవగలదైతే బురద దాన్ని వదలదు, పంటు ముక్కు నీళ్ళలోకి దిగిపోతుంది. బోలుదైతే గుంజ విరుగుతుంది.

రంపం చప్పుడుకి డాక్టరు గారు పచ్చిక మీంచి నడకబల్ల మీదకి పరిగెత్తుకొచ్చారు. ఇప్పుడు చెవిలో మిషను ఉంది. ఆయన వెనకే సగం మంది అతిథులు.

“నా రేవుని ఏం చేస్తున్నావురా? షెరీఫ్‌ని పిలుస్తాను!”

“పిలవండి సార్. ఆయన రేవు కట్టింది కూడా నేనే.” వెర్డెల్ పంటు మీద లేచి నిలబడ్డాడు. “అక్కడే ఆగండి! అరుగు మీదకి ఎవరూ రావద్దు. ఈ నాలుగూ మంచినీటి గుంజలు. పురుగు తినేసింది. నేనే వేశాను, తెలిసే వేశాను. నీరు లేస్తుంది, మీరే చూడండి.”

అప్పుడు మిస్ లవీనియా, పక్క రేవు ఆవిడ, ఎనభై రెండేళ్ళ మనిషి, కర్ర మీద ఆనుకుని ముందుకొచ్చింది.

“మా దాన్లో కూడానా వెర్డెల్?”

“లేదమ్మా. మీ దాన్లో ఉప్పునీటివే.”

“అలాగే అంటావులే,” అందావిడ. కోపంగా కాదు. వాతావరణం గురించి అన్నట్టు అంది. “మొన్న గుడిగంటలా ఉందన్నావు. ఎవరి గుడి, ఏ గంట?”

ఆ ఒక్క మాటతో డెబ్భై రేవులూ ఒకదాని వెనక ఒకటి ఏట్లోకి ఒరిగిపోవడం వెర్డెల్‌కి కనిపించింది.

అరగంట గడిచింది. నీరు ఆల్చిప్పల్ని కప్పుకుంటూ ఎక్కుతోంది. గొలుసు బిగిసి, దాని మీది తుప్పు రాలుతోంది. ఎవరో గుండిగలోంచి రొయ్యలూ మొక్కజొన్న కండెలూ పళ్ళేలకెత్తుకొచ్చారు. జనం నడకబల్ల కటకటాలకి ఆనుకుని తింటూ చూడసాగారు. గంటకి పంటు ముక్కు బెత్తెడు దిగింది. హోయ్ట్ వెనకాలకి పోయి తన బరువంతా చుక్కాని పక్కన పెట్టి కూర్చున్నాడు.

“గుంజ గట్టిగానే ఉందిగా!” అని డాక్టరు గారు అందరికీ వినపడేలా అన్నారు. “చూశారా? తాగొచ్చాడు. అతని పనితనానికి అతనే శత్రువు.”

ఇంకో పావుగంట. పంటు ముక్కు మూరెడు దిగింది. నీళ్ళు ముందు అంచు దాటి పలకల మీదకొచ్చి వెర్డెల్ బూట్లు తడిపాయి. గుంజ కదల్లేదు. వెర్డెల్‌కి జీవితంలో మొదటిసారి తను కట్టినదాని మీద అసహ్యం పుట్టింది. నిలబడకూడని చోట నిలబడుతోంది, పడిచావమంటే పడి చావదు.

“బావా, గొలుసు కోసేద్దాం! మునుగుతున్నాం!”

“ఉండు.”

“అక్క నన్ను కూడా చంపుద్ది!”

“ఉండరా!”

అప్పుడు గుంజ లోపల్నుంచి పొడి కొమ్మ నలిగినట్టు సన్నటి చప్పుడొచ్చింది. ఆ వెంటనే ఫట్‌మని విరిగింది. పంటు ముక్కు గుర్రంలా పైకి లేచింది, వెర్డెల్ వెల్లకిలా పడ్డాడు, హోయ్ట్ చేతిలో వేరుశనక్కాయల సంచీ ఏట్లో పడింది. గొలుసుకి వేలాడుతూ గుంజ పై ముక్క బయటికొచ్చింది. విరిగిన చోట కట్టె లేదు. తేనెపట్టులా ఉంది, అన్నీ గదులే. ఒక్కో గదిలో తెల్లటి పురుగు తల దాచుకుంటోంది. ఒక నిమిషం తర్వాత అరుగు మూల మూలిగి జానెడు కిందకి ఒరిగింది. బెంచీ మీద పేర్చిపెట్టిన గాజు గ్లాసులు ఒకదాని వెనక ఒకటి జారుతూ, తొందరేం లేనట్టు నీళ్ళలోకి దిగాయి. మనిషి అన్నవాడు దాని మీద ఒక్కడూ లేడు.

జనంలోంచి ఒక నిట్టూర్పు వచ్చింది. ఎవరిదో పళ్ళెం చేతిలోనే వంగింది. డాక్టరు గారు కటకటా పట్టుకుని పక్కకి తిరిగారు, అక్కడే స్ట్రూబెల్ నిలబడున్నాడు. బట్టతల, ఎర్రటి మెడ, ఓహాయోలో గచ్చు రాళ్ళ కార్ఖానా. పొద్దుట్నుంచి ఎవరితోనూ ఎక్కువ మాట్లాడని మనిషి.

“స్ట్రూబెల్ గారూ, దేవుడి సాక్షిగా నాకేమీ...”

“అయ్యో, మీరెందుకు బాధపడతారండీ,” అన్నాడు స్ట్రూబెల్. “మేం ఎలాగూ దీన్ని పీకించేస్తున్నాం.”

“ఏంటీ?” అన్నారు డాక్టరు గారు. ఈసారి నిజంగానే వినపడలేదనుకున్నారు.

“మా ఆవిడకి నీళ్ళంటే భయం. పడవ లేదు, కొనం కూడా. కిటికీలోంచి గడ్డీ కొంగలూ కనపడితే చాలు, ఈ అరుగేమో సరిగ్గా అడ్డం. ఇది మీకు ప్రాణమని అందరూ చెప్పారు. సోమవారం దాకా ఆగి చెబుదామనుకున్నాం, మీ మనసు కష్టపెట్టడం ఎందుకని.”

డాక్టరు గారు మెల్లగా వెళ్ళి ఎవరో తెచ్చిన కుర్చీలో కూర్చున్నారు. స్ట్రూబెల్ కటకటా మీంచి వంగి, తడిసిన పంటు మీద తడిసిన వెర్డెల్‌ని చూశాడు.

“ఏమయ్యా, మిగతాది కూడా పీకుతావా?”

వెర్డెల్ లేచి కూర్చుని మోచెయ్యి రుద్దుకున్నాడు. “నన్ను నమ్ముతారా?”

“కట్టడానికైతే నమ్మనయ్యా. పీకడానికి నమ్మకం ఎందుకు?”

నడకబల్ల మీద ఎవరో నవ్వారు. నవ్వు ఒకరి నుంచి ఒకరికి పాకింది. మిస్ లవీనియా కూడా నవ్వింది. నవ్వుతూనే, తన రేవు వైపు ఒకసారి చూసుకుంది.

“ఆ పంటు అటు కూడా తీసుకురా వెర్డెల్, వచ్చే పాటుకి,” అందావిడ. “ఒక గుంజకి గొలుసు కట్టి చూద్దాం. ఎలాగూ కళ్ళతో చూస్తే గానీ నిద్ర పట్టదు.”

“మీది విరగదమ్మా. పంటు మునుగుద్ది.”

“మునిగితే నమ్ముతాను,” అంది మిస్ లవీనియా.

వెర్డెల్ నీటి వైపు చూశాడు. పోటు ఇంకా నాలుగు గంటలు ఎక్కుతుంది. అరుగు కింద ఇంకా మూడు గుంజలున్నాయి.

“గొలుసు విప్పు,” అన్నాడు హోయ్ట్‌తో. “రెండోదానికి కడదాం.”